పదహారు కాళ్ల మండపం, కోనేరు బాగుచేత: జమా ఖర్చుల వివరణ

గ్రామస్థులకు, చందాలు ఇచ్చిన అందరికీ బాగుచేత కమిటీ నమస్కారం.

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు 31 వరకు మన పదహారు కాళ్ల మండపం, దాని ముందున్న కోనేరు బాగుచేతకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. వచ్చింది 6,66,503 రూపాయలు. ఖర్చయింది 6,30,352 రూపాయలు. మిగిలింది 36,151 రూపాయలు. అందులో 35,411 బ్యాంకులో, 740 కోశాధికారి చేతిలో ఉన్నాయి. బిల్లులు, కూలీల మస్టర్లు, పాసుబుక్కు జిరాక్సులు ఫైలు కట్టి పంచాయతీ ఆఫీసులో పెట్టాం. ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఫోటో తీసుకోవచ్చు.

లెక్క వరకైతే ఇంతటితో ఆపేయొచ్చు. కానీ పోయిన శ్రావణం నుంచి ఊళ్లో ఒక మాట నడుస్తోంది. "ఆరు లక్షలు పెట్టినారు, మండపం ముందు ఎట్టుందో ఇప్పుడూ అట్టే ఉంది. రంగు కూడా వెయ్యలేదు. డబ్బంతా యాడికి పోయింది?" చందా ఇచ్చిన మనిషి అడగాల్సిన మాటే అది. అడిగినందుకు మాకు కోపం లేదు. ఆ డబ్బు పోయిన చోట్లు చాలావరకు కింద నిలబడి చూస్తే కనపడవు. అందుకే ఒక్కో ఖర్చు ఎందుకైందో కాస్త పొడుగ్గానే చెప్పాలనుకున్నాం.

ముందు జమ. ఊళ్లో 373 ఇళ్ల నుంచి 1,86,400 వచ్చింది. ఒక ఇల్లు 50 ఇచ్చింది, ఒక ఇల్లు 25,000 ఇచ్చింది. పేర్లన్నీ పంచాయతీ బోర్డు మీద ఒకే సైజు అక్షరాలతో ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఉన్న మనవాళ్లు 2,74,000 పంపారు. విదేశాల్లో ఉద్యోగాలు చేస్తూ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 1,35,000 ఇచ్చారు. హైస్కూలు 1998 పదో తరగతి బ్యాచ్ వాళ్లు కలిసి 50,000 ఇచ్చారు. మండపం దగ్గర పెట్టిన డబ్బాలో 11,735 పడింది. బ్యాంకు వడ్డీ 6,218. పాత స్లాబులోంచి తీసిన ఇనుము అమ్మితే 3,150.

ఇందులో కలపని మొత్తం ఒకటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి ఇద్దరు 80,000 పంపారు. వాళ్లు మనవాళ్లే, ఈ కోనేట్లో ఈత నేర్చుకున్నవాళ్లే. కానీ 2010 నాటి విదేశీ విరాళాల చట్టం చూసేది పాస్‌పోర్టును. భారత పౌరుడు విదేశంలో సంపాదించి పంపితే మామూలు చందా, పౌరసత్వం మారినవాళ్లు పంపితే విదేశీ విరాళం. దానికి కేంద్రం దగ్గర రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. మనకు రెండూ లేవు. ఆడిటర్ చెప్పాకే మాకు ఈ తేడా తెలిసింది. ఒక్క రూపాయి కూడా వాడకుండా మొత్తం తిరిగి పంపాం. వాళ్లు నొచ్చుకున్నారు. మాకూ బాధగానే ఉంది.

ఇక అందరూ అడిగేది, ప్రభుత్వం ఎందుకివ్వలేదని. మేం అడగని తలుపు లేదు. కేంద్ర పురావస్తు శాఖ 1958 చట్టం కింద రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటినే చూసుకుంటుంది. రాష్ట్ర శాఖకు 1960 చట్టం కింద వేరే జాబితా ఉంది. మన మండపం రెండిట్లోనూ లేదు. దేవాదాయ శాఖ దగ్గర సర్వశ్రేయో నిధి ఉంది. ఆదాయం ఉన్న గుళ్లు కట్టే వాటాతో పేద గుళ్లను బాగుచేసే మంచి ఏర్పాటు అది. కానీ మన మండపంలో దేవుడు లేడు, మాన్యం లేదు, ఆ శాఖ రిజిస్టర్లో పేరు లేదు. ఒకప్పుడు ఉత్సవ విగ్రహాన్ని దించే మండపం కాబట్టి గుడి కింద చూడమని అడిగాం. ఏ గుడి ఉత్సవమో ఆ గుడే ఇప్పుడు లేదు.

కోనేటికి, చెరువులు బాగుచేసే కేంద్ర పథకం అమృత్ సరోవర్ కింద డబ్బు వస్తుందేమో అనుకున్నాం. దానికి చెరువు కనీసం ఎకరం ఉండాలి. మనది 32 సెంట్లు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల సంగతీ కనుక్కున్నాం. 2013 కంపెనీల చట్టంలో చారిత్రక కట్టడాల బాగుచేత కూడా ఆ ఖర్చు కిందికి వస్తుందని స్పష్టంగా ఉంది. అయితే డబ్బు తీసుకునే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలి, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలి. మన సంఘం రిజిస్టరై రెండేళ్లు కూడా నిండలేదు. 80జీ లేకనే దాతలకు పన్ను రాయితీ రసీదులు కూడా ఇవ్వలేకపోయాం. 2027లో మళ్లీ అడుగుతాం.

ప్రభుత్వం నుంచి దక్కింది ఒక్కటి, ఉపాధి హామీ. కోనేటి పూడిక ఆ పథకం కిందే తీశారు. కూలి నేరుగా కూలీల ఖాతాల్లో పడింది, ఆ డబ్బు మా పుస్తకంలోకి రాలేదు. పూడిక మట్టిని రైతులు సొంత ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. మన దగ్గర ఎవరూ కిరాయి అడగలేదు.

ఇప్పుడు ఖర్చు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలకు మండపం లోపల జల్లెడలా కురిసి, తూర్పు వైపు రాతి దూలం పగిలిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. పగిలింది ఆ వానకే అయినా రోగం ఇరవయ్యేళ్ల నాటిది. అప్పట్లో కురుస్తోందని ఊరి పెద్దలు పైకప్పు మీద సిమెంటు కాంక్రీటు పోయించారు. మంచి మనసుతోనే చేశారు, వాళ్లను తప్పు పట్టడం లేదు. కానీ పాత సున్నపు గచ్చు చెమ్మను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు వదలదు. అంచుల్లోంచి దిగిన నీళ్లు సిమెంటుకూ గచ్చుకూ మధ్య చిక్కుకుని ఉండిపోయాయి. ఆ చెమ్మలో రావి మొక్కలు మొలిచాయి. పైన కనపడే కొమ్మలను ఏటా నరికారు. వేళ్లు మాత్రం రాళ్ల సందుల్లో చెయ్యి లావున పెరిగాయి.

పరంజా కట్టి, ఆ కాంక్రీటును మిషన్ పెట్టకుండా ఉలి, సుత్తితో విడగొట్టి దించడానికి, వేళ్లను చివరిదాకా తవ్వి తీయడానికి 52,300 అయింది. డ్రిల్లింగ్ మిషనైతే మూడు రోజుల్లో అయిపోయేది. ఆ అదురుకు కింది పలకలు నిలిచేవి కావని ఇంజనీరు వద్దన్నారు. పదకొండు ట్రాక్టర్ల శిథిలం దిగింది. అంత బరువు ఇన్నాళ్లూ ఆ పదహారు కాళ్ల మీద ఉంది. మేం చేసిన పనులన్నిట్లో మండపానికి ఎక్కువ ఊపిరి పోసింది ఇదేనని మా నమ్మకం. కిందనుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఆ ఇంజనీరు పాత కట్టడాల పనిలో రిటైరైన మనిషి. ఫీజు 30,000, దారి ఖర్చులు 8,000, మొత్తం 38,000. పని మొదలుపెట్టకముందే ప్రతి కాలికీ, ప్రతి పలకకూ నంబరు వేయించి, ఫోటోలు తీయించి, నక్షా గీయించారు. రేపు ఏ రాయి కదిలినా దాని చోటు ఏదో చెప్పే కాగితం ఇప్పుడు మన దగ్గరుంది.

సున్నం, ఇసుక, ఇటుక పొడి, బెల్లం, కరక్కాయలు, గానుగ కిరాయి కలిపి 1,48,650. ఇందులో 17,600 వృథా అయింది, ఆ తప్పు మాదే. మొదటి లోడు సున్నం కొనేటప్పుడు రేటు తక్కువని చూశాం, సరుకు చూడలేదు. గాలి తగిలి చచ్చిపోయిన సున్నం అది. నీళ్లు పోస్తే ఉడకలేదు, ఆవిరి రాలేదు. మేస్త్రీ చూడగానే పక్కన పెట్టించాడు. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. రెండోసారి రాతి సున్నం గడ్డలు తెచ్చి, తొట్టిలో తడిపి మూడు వారాలు నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగ పట్టించి, బెల్లం, కరక్కాయ ఊరిన నీళ్లు పోసి వాడాం. కమిటీలో అందరం తలా కొంత వేసుకుని ఆ 17,600 కడదామని చర్చ వచ్చింది. దాన్ని గ్రామసభకే వదిలేస్తున్నాం. ఎలా చెప్తే అలా చేస్తాం.

మేస్త్రీలు, కూలీలకు 2,31,800. సున్నం పని చేతికొచ్చిన మనిషి కోసం ఎక్కడెక్కడో వెతికాం. చివరికి పక్క మండలంలోనే డెబ్బై ఒక్కేళ్ల పెద్దాయన దొరికాడు. ఆయనకు 62 రోజులు, రోజుకు 1,300 లెక్కన 80,600. ఇద్దరు మేస్త్రీలకు 54 రోజులు, రోజుకు 900 లెక్కన 97,200. కూలీలవి 90 పనిదినాలు, 600 లెక్కన 54,000. ఆ ఇద్దరు మేస్త్రీలూ మన ఊరి కుర్రాళ్లే, అంతవరకు సిమెంటు పని తప్ప తెలియదు. ఇప్పుడు గచ్చు పని చేయగలరు.

రాతి పనికి 74,500. పగిలిన దూలానికి ఆసరా దూలం ఎక్కించడం, కోనేటిలో జారిపోయిన మెట్లను తీసి సరిగ్గా కూర్చోబెట్టడం ఇందులోకి వస్తాయి. చుట్టూ మురుగు కాలవకు 36,900. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేయడంతో రోడ్డు మండపం నేలకన్నా పద్నాలుగు అంగుళాలు ఎత్తైపోయింది, వాన నీళ్లన్నీ లోపలికే వచ్చేవి. ఇప్పుడు కాలవలోకి పోతున్నాయి. గచ్చు తడపడానికి ట్యాంకర్లు, గోనె పట్టాలకు 18,240. భోజనాలు, టీలకు 14,325. సంఘం రిజిస్ట్రేషన్, బోర్డు, జిరాక్సులు 9,460. ఆడిట్, బ్యాంకు ఛార్జీలు 6,177.

రంగు సంగతి. రాతికి ఎనామెల్ పెయింటు వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక రాయి పెచ్చులు లేస్తుంది. అందుకే వేయలేదు. ఒక దాత నేలంతా చీమకుర్తి గ్రానైటు ఉచితంగా పరిపిస్తానన్నారు. ఆయన పెద్ద మనసుకు చేతులెత్తి మొక్కుతున్నాం. కానీ అరిగిన ఆ పాత బండల మీద అద్దంలా మెరిసే రాయి పరిస్తే అది వేరే మండపమైపోతుంది. వద్దన్నాం. ఇసుకను గాలితో కొట్టించి కాళ్లను తెల్లగా చేయిద్దామని ఇంకో సలహా వచ్చింది. అది బొమ్మల ముక్కూ మొహాన్నీ అరగదీస్తుంది. సున్నం పూతలను నీళ్లు, మెత్తటి బ్రష్షులతోనే తీయించాం.

అలా తీస్తుంటేనే పడమటి దూలం మీద తెలుగు అక్షరాలు బయటపడ్డాయి, నాలుగు వరుసలు. 1905లో మూడు సంపుటాలుగా అచ్చైన నెల్లూరు జిల్లా శాసనాల్లో మన ఊరి కింద ఈ రాత లేదు. రాష్ట్ర పురావస్తు శాఖకు ఫోటోలతో ఉత్తరం రాశాం. దాన్ని చదివేదాకా ఎవరూ సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు, పసుపు కుంకుమలు పెట్టొద్దు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోటను గెలిచాక ఈ మండపం కట్టించాడని మన పెద్దలు చెప్తారు. ఆ మాటను బోర్డు మీద రాయించమని చాలామంది అడిగారు. కాగితమో, రాయో సాక్ష్యం దొరికిన రోజు రాయిద్దాం.

పని జనవరిలో మొదలుపెట్టి జూన్‌లో ముగించడానికి కారణం మన జిల్లా వానలే. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ లోపు గచ్చు ఆరి గట్టిపడాలి. ఈసారి వానలన్నీ అయ్యాక పరంజా వేసి చూశాం. ఈశాన్యం మూలలో ఒక్క చోట అరచేయంత చెమ్మ ఉంది. ఆ అతుకు విప్పి మళ్లీ చేయాలని మేస్త్రీ చెప్పాడు, ఆరు వేల దాకా అవుతుంది. మిగిలిన 36,151లోంచి అది పోను, ఏటా వానలయ్యాక పైకప్పు మీది మొలకలు పీకించడానికి మిగతాది దాచాలని మా ఆలోచన.

గ్రామసభ తేల్చాల్సింది ఇంకొకటుంది. మండపాన్ని రక్షిత జాబితాలో చేర్చమని అర్జీ పెట్టాలా వద్దా? కేంద్రం జాబితాలో చేరితే చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కుదరవు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. ఆ 100 మీటర్లలో ఇళ్లున్న కుటుంబాలకు టెన్షన్ ఉంది, అది న్యాయమైనదే. రాష్ట్ర జాబితాకు అడగడమే మేలని కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం. ఆ ఇళ్లవాళ్ల మాట వినకుండా ఏ అర్జీ మీదా సంతకం పెట్టం.

జనవరి 18 ఆదివారం ఉదయం పది గంటలకు మండపంలోనే కూర్చుందాం. బిల్లుల ఫైలు అక్కడికే తెస్తాం. పరంజా ఇంకా విప్పలేదు, పైకెక్కి చూడాలనుకునేవాళ్లను మేస్త్రీ దగ్గరుండి ఎక్కిస్తాడు.