కత్తెర పట్టేముందు ఒక్క మాట

ఒరేయ్,

నిమ్మ చెట్లు గుబురైపోయాయి, ఈసారి గట్టిగా కత్తిరించేస్తానని రాశావు చూడు, అది చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. ముందు నా బాగోతం విను.

గుబురుగా ఉంటే లోపలికి ఎండ, గాలి పోవు. చెట్టు రసం పీల్చే పొలుసు పురుగు, పిండినల్లి ఆ నీడలోనే కాపురం పెడతాయి. నిజమే. అందుకే నిరుడు నా నిమ్మ చెట్లను సగానికి సగం నరికేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. కొన్ని వారాలకే కోసిన ప్రతిచోటా నీటి కొమ్మలు, అదే ఏపుగా పెరిగే పనికిరాని రెమ్మలు, నిలువునా తన్నుకొచ్చాయి. లేత చిగురు కనబడితే దాని రసం పీల్చే పేనుబంక పురుగు ఊరుకుంటుందా? చిగుళ్ల నిండా అదే. ఆకుల మీద పాము మెలికల్లా వెండి చారలు కూడా. అది ఆకు తొలిచే పురుగు పని, దానికీ లేతాకే కావాలి.

అసలు బుద్ధితక్కువ పని ఇంకోటి చేశాను. కోసిన కొమ్మలన్నీ ఆ రోజే కాల్చేశాను. ఒక్క రెమ్మ బుట్టలో మిగిలిపోతే మర్నాడు భూతద్దంతో చూశాను. పేనుబంకల మధ్య కొన్ని కదలకుండా, ఉబ్బిపోయి, గోధుమ రంగులో ఉన్నాయి. ఒకదాని వీపు మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నం! చీమకన్నా చిన్న కందిరీగ ఒకటి అందులో పెరిగి, దాన్ని లోపలినుంచి తినేసి ఎగిరిపోయిందన్నమాట. కన్నం లేనివాటిలో పిల్లలు ఇంకా ఉన్నట్టే. ఆ మంటలో ఎన్ని పోయాయో! తర్వాత చిగురుకు పేనుబంక ఎక్కితే తినేవాళ్లెక్కడినుంచి వస్తారు?

ఈ ఏడు చెట్టుకు మూడు నాలుగు కొమ్మలే తీశాను, ఎండినవీ, ఒకదాన్నొకటి రాసుకునేవీ. నేలకు తగిలేవి మాత్రం ఉంచకు. చీమలకు అవే నిచ్చెనలు. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తూ, దాన్ని తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. నీటి కొమ్మల్ని లేతగా ఉండగానే చేత్తో విరిచెయ్.

కోసినవి చెట్లకు దూరంగా వారం పది రోజులు పడెయ్. ఆకు ఎండితే పేనుబంక చస్తుంది, కందిరీగలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. కాండం తొలిచే పురుగున్న కొమ్మ దొరికితే మాత్రం జాలి చూపకు, ఎండు కట్టెలోనూ అది బతికేస్తుంది. దాన్ని ఆ రోజే కాల్చెయ్.

ముందు ఒక్క రెమ్మ తుంచి భూతద్దం కింద పెట్టు. ఉబ్బినవి ఎన్ని, కన్నమున్నవి ఎన్ని, లెక్కపెట్టి నాకు రాయి. అప్పటిదాకా కత్తెర ముట్టుకోకు.

నీ
పాత నేస్తం