ఉపమానాల గదికి మీ కానుక కావాలి

ప్రభువునందు ప్రియులైన సంఘస్తులందరికీ వందనాలు.

పిల్లల సెలవుల బైబిల్ తరగతులు వచ్చే సోమవారమే. కావలసిన సొమ్ములో సగం కూడా చేరలేదు. ఈ మందిరం మీ కానుకలతోనే లేచింది, మీకు మేము గుర్తుచేయాలా? పైకప్పు మరమ్మతు, మైకు సెట్టు, బెంచీల లెక్క ఆరాధనలో చదివి వినిపించాం. ఇప్పుడు అడిగేది ఉపమానాల గది కోసం, అంటే యేసు చెప్పిన ఉపమానాలను (పోలిక కథలను) పిల్లలు కళ్లారా చూసి నేర్చుకునే గది కోసం.

మత్తయి 13లోని విత్తువాని ఉపమానంలో విత్తనాలు త్రోవ పక్కన, రాతి నేలలో, ముళ్ల పొదల్లో, మంచి నేలలో పడతాయి. ఆ నాలుగు నేలలకు జానెడు లోతున్న చెక్క తొట్లు 4 కావాలి. ఒకదాంట్లో మట్టి తడిపి, తొక్కి, గట్టిపడేదాకా ఆరబెట్టాలి. రెండోదాంట్లో అడుగున బండ, పైన రెండు వేళ్ల మందం మన్ను. మూడోదాంట్లో కలుపు వేర్లు ఏరకుండా వదిలేసిన మన్ను. నాలుగోదాంట్లో ఎరువు కలిపిన మెత్తటి మన్ను. అన్నిటికీ ఒకే పొట్లంలోని ఆవాలు, తొట్టికి 20 చొప్పున చల్లాలి. జాలిపడి రాతి తొట్టికి రోజూ నీళ్లు పోస్తే పాఠం పోయినట్టే. ఆ మొలక ఎండకు వాడాలి, పిల్లలు పీకి చూసి వేరు దిగలేదని తెలుసుకోవాలి. తరగతులు 10 రోజులే, ఆవాలు మొలకెత్తడానికే నాలుగైదు రోజులు. మొదటి రోజు చల్లకపోతే ఇక చల్లినా, చల్లకపోయినా ఒకటే.

తప్పిపోయిన గొర్రె పాఠానికి మట్టి గొర్రెలు 100 ఉండాలి. పదింటితో సరిపెట్టవచ్చు కదా అని కొందరన్నారు. 99 గొర్రెల మంద కళ్లెదుట ఉంటేనే, ఆ ఒక్కదాని కోసం కాపరి ఎందుకు వెళ్లాడన్న ప్రశ్న పిల్లవాడి నోట వస్తుంది.

బోధించేవారికి ఒక మనవి: భావం ముందే చెప్పేయకండి. లూకా 10లో పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి యేసు సమరయుని కథ చెప్పాడు: దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఇద్దరు చూసి కూడా పక్కగా వెళ్లిపోయారు, మూడోవాడైన సమరయుడు ఆదుకున్నాడు. ఆ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడని తిరిగి అడిగాడు. జాలి చూపినవాడేనని అతడే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సమరయుడు ఇచ్చిన రెండు దేనారాలకూ (వెండి నాణేలకూ), వాటిని పుచ్చుకున్న పూటకూళ్లవానికీ తలా ఒక గూఢార్థం అంటగడితే ఆ ప్రశ్న మరుగున పడిపోతుంది.

ఇస్తామని మాటిచ్చి మరచిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. దయచేసి శనివారం సాయంత్రంలోగా కానుక కవరు మీద ‘ఉపమానాల గది’ అని రాసి కోశాధికారికి అందించండి. సొమ్ము కుదరనివారు చెక్క తొట్టి గానీ, ఒక బుట్టెడు మన్ను గానీ తెచ్చిపెట్టండి. కలుపు ఏరని మన్నయినా సరే, మూడో తొట్టికి అదే కావాలి.

ఇట్లు,
సంఘ కమిటీ