ఫిట్‌నెస్ తేదీ చూసుకోండి
అన్నలూ, తమ్ముళ్లూ, ఒక్క నిమిషం ఆటో పక్కన ఆపి మీ ఫిట్‌నెస్ కాగితం (బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్) మీద తేదీ చూడండి. బండికి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాల్సిందే. ఈ మార్పు దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తున్నారు.

గడువుకు నెల ముందే బండి తనిఖీకి స్లాట్ పెట్టుకోండి. నిరుడు నేను చివరి రోజుదాకా ఆగాను. తీరా వెళ్తే ఎడమ హెడ్‌లైట్ గుడ్డిగా వెలుగుతోందని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపాడు. డెబ్బై రూపాయల బల్బుకి మూడు రోజుల కిరాయి పోయింది, ఇంట్లో తిట్లు వేరే!

బ్రేకులు, ఇండికేటర్లు, హారన్, వెనక రేడియం స్టిక్కర్ ముందే సరిచూసుకోండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కూడా గడువులోనే ఉండాలి. దసరా వారంలో మాత్రం స్లాట్ పెట్టుకోకండి, గిరాకీ పోతుంది.