రెండో చార్జింగ్ గన్ ఇంకా బాగుపడలేదు, బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేయండి

సూర్యాపేట హైవే మీద మా టిఫిన్ హోటల్ దగ్గర ఆగి కారుకు చార్జింగ్ పెట్టుకునే అందరికీ నమస్కారం.

మా చార్జింగ్ మెషిన్‌లో రెండో గన్, అంటే కారుకు తగిలించే ప్లగ్గు, ఆగిపోయి ఇవాళ్టికి 19 రోజులు. ఎవరో చార్జింగ్ అయ్యాక గన్‌ను హోల్డర్‌లో పెట్టకుండా నేల మీద వదిలేసి వెళ్లారు. వెనకాల వచ్చిన బండి టైరు దాని మీదెక్కింది. మూతి దగ్గర ప్లాస్టిక్ నిలువునా చీలింది. టేపు చుట్టి నడిపిద్దామని ఒకరిద్దరు అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. వందల వోల్టుల డీసీ కరెంటు పోయే గన్ అది, మీ చేత్తో పట్టుకునేది. కేబుల్‌తో సహా మార్చాలన్నారు. సామాను ఎప్పుడొస్తుందో నాకు ఇంకా చెప్పలేదు, అందుకే మీకూ తేదీ చెప్పడం లేదు.

చార్జింగ్ యాప్‌లో మాత్రం మొన్నటిదాకా రెండు గన్లూ ఖాళీ అనే చూపించింది. అది నమ్మి ఆదివారం రాత్రి విజయవాడ వైపు నుంచి ఒక కుటుంబం 9 శాతం బ్యాటరీతో వచ్చింది. ఉన్న ఒక్క గన్ అప్పుడే ఇంకో కారుకు పెట్టారు. చంటిపిల్లతో గంటకు పైగా కూర్చున్నారు. ఆ తల్లి పల్లెత్తు మాట అనలేదు, పాలు వేడి చేసిస్తారా అని అడిగిందంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి చెప్పి యాప్‌లో రెండో గన్ తీయించాను. గన్ పగిలిన రోజే చేయించాల్సిన పని అది. తప్పు నాదే, క్షమించండి.

మెషిన్ 60 కిలోవాట్లది. రెండు కార్లు పెడితే చెరి 30 వచ్చేది. ఇప్పుడు ఒక్క గన్నే కాబట్టి 60 దాకా మీ కారు తీసుకోగలిగినంత వస్తుంది. ఒక్కటి బతిమాలుకుంటున్నా: వెనక ఎవరైనా ఆగి ఉంటే 80 శాతం దగ్గర తీసేయండి. ఆ పైన చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. 40 యూనిట్ల బ్యాటరీలో 80 శాతమంటే 32 యూనిట్లు. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు లెక్కేసినా 190 దాటుతుంది, ఇక్కణ్నుంచి హైదరాబాద్ సుమారు 135.

స్కూటర్లకు ఈ గన్ పట్టదు. మీ చార్జర్ తెచ్చుకుంటే గల్లా పక్కన 16 ఆంపుల సాకెట్ ఉంది, తిన్నంతసేపు పెట్టుకోండి, డబ్బులేం వద్దు.

రేటు పెంచలేదు. బిల్లులో 18 శాతం జీఎస్టీ చూసి చాలామంది అడుగుతున్నారు. అది నేను వేసింది కాదు. ఎలక్ట్రిక్ కారు కొంటే 5 శాతం, దానికి చార్జింగ్ పెడితే 18 అనడం నాకూ అన్యాయంగానే తోస్తుంది.

నా దిగులంతా సంక్రాంతి గురించే. పండక్కి కొర్లపహాడ్ టోల్ దగ్గర బండ్లు ఎంత దూరం బారులు తీరతాయో మీకు తెలుసు. ఆలోపు గన్ రాకపోతే ఒక్కో కారుకు టైము రాసిచ్చి వరసలో పంపిస్తాం.

బిల్లు మీదున్న నంబరుకు ఎప్పుడైనా చేయండి. రాత్రి 11 దాటితే ఆ ఫోన్ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. మెషిన్ దాకా నడిచి వెళ్లి, గన్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి చెప్పమన్నాను.