కదలిక వచ్చిందంటే సరిపోదు

సంపాదకులకు,

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారికి కణమార్పిడితో మళ్లీ నడక వస్తోందన్న వార్తలు పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. అయితే గాయమై ఎంతకాలమైంది, చికిత్సకు ముందు రోగి ఏ స్థితిలో ఉన్నాడు అన్నవి వాటిలో చాలాసార్లు ఉండవు. అసలు విషయమంతా ఆ రెండింటిలోనే ఉంది.

గాయమైన తొలి నెలల్లో, ఏ కణాలూ ఎక్కించకుండానే, కొందరికి స్పర్శ, కదలిక కొంతమేరకు వాటంతటవే తిరిగి వస్తాయి. జపాన్‌లోని కేయో విశ్వవిద్యాలయం 2025లో వెల్లడించిన ఫలితాలను ఈ దృష్టితోనే చదవాలి. అక్కడ ఐపీఎస్ కణాల (మామూలు శరీర కణాలను తిరిగి మూలకణాలుగా మార్చినవి) నుంచి తయారుచేసిన, నాడీకణాలుగా ఎదగగల కణాలను నలుగురికి, గాయమైన 14 నుంచి 28 రోజుల లోపు, ఒక్కొక్కరికి 20 లక్షల కణాల చొప్పున ఎక్కించగా ఇద్దరిలో మెరుగుదల కనిపించింది, వారిలో ఒకరు లేచి నిలబడగలిగారు. తీవ్రమైన దుష్ఫలితాలేవీ లేకపోవడం నిజంగా మంచి వార్తే. కానీ కణాలు అందని రోగులతో పోల్చి చూడనిదే ఆ మెరుగుదలను కణాల ఖాతాలో వేయలేం. అదే దేశం 2018లో, పోలిక బృందమే లేకుండా 13 మందిపై జరిపిన పరీక్ష ఆధారంగా స్టెమిరాక్ అనే, రోగి సొంత ఎముకమజ్జ కణాలనే ఎక్కించే చికిత్సకు షరతులతో అనుమతి ఇచ్చి విమర్శల పాలైంది. ఆ విమర్శ సబబేనని నా అభిప్రాయం.

పోలండ్ వైద్యులు ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తపడ్డారు. కత్తిపోటుతో వెన్నుపాము తెగి కాళ్లు చచ్చుబడిన ఒక వ్యక్తికి 2012లో శస్త్రచికిత్స చేసే ముందు నెలల తరబడి వ్యాయామం చేయించి, దానివల్ల మార్పేమీ రావడం లేదని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాతే అతని మెదడులో వాసనను గ్రహించే భాగం నుంచి తీసి పెంచిన కణాలను వెన్నుపాములోకి ఎక్కించి, అక్కడ తెగినచోట ఉన్న 8 మిల్లీమీటర్ల ఖాళీని చీలమండ దగ్గరి నరం ముక్కలతో పూడ్చారు. అతని కాళ్లలో కొంత కదలిక వచ్చినా, అది ఒక్క మనిషి అనుభవమే. పైగా ఆపరేషన్ తర్వాత అతను రోజుకు ఐదు గంటల కఠిన వ్యాయామం కూడా చేశాడు.

ఇందులో ప్రమాదమూ లేకపోలేదు. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొరను వెన్నుపాములో అమర్చిన ఒక మహిళకు, ఎనిమిదేళ్ల తర్వాత అక్కడ చీమిడి లాంటి ద్రవాన్ని స్రవించే గడ్డ ఏర్పడినట్టు 2014లో వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది.

వెన్నుపాము గాయాల తీవ్రతను ‘ఏ’ (అత్యంత తీవ్రం) నుంచి ‘ఈ’ (మామూలు స్థితి) వరకు ఐదు తరగతులుగా కొలుస్తారు. ‘ఏ’ నుంచి ‘బీ’కి మారడమంటే స్పర్శ కొంత తెలుస్తోందని మాత్రమే అర్థం, నడక వచ్చిందని కాదు. ఇలాంటి వార్తలు వేసేటప్పుడు ముందూ వెనుకా తరగతులను, గాయమైన నాటి నుంచి గడిచిన కాలాన్ని తప్పక ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ప్రయోగం అంటూనే రోగి దగ్గర రుసుము తీసుకునే చికిత్సల ప్రకటన వచ్చినప్పుడు, వైద్య ప్రయోగాల అధికారిక జాబితాలో ఆ ప్రయోగానికి ఉన్న నమోదు సంఖ్యను అడిగి ప్రకటనలోనే అచ్చువేయించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు