ప్రాణం నిలబెట్టారు, మాట నేర్పేదెవరు?

సంపాదకుడు గారికి,

మీ జిల్లా పేజీలో హైవే ప్రమాదం లేని రోజు తక్కువ. ‘తీవ్రంగా గాయపడిన యువకుణ్ణి విశాఖ తరలించారు’ అన్న మాటతో ఆ వార్త అయిపోతుంది. 2022 డిసెంబరులో అలా తరలించిన కుర్రాడు మా అబ్బాయి. అప్పటికి వాడికి 19 ఏళ్లు, పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. హెల్మెట్ ఉంది, బండి హ్యాండిల్‌కి వేలాడుతూ.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఆసుపత్రిలో చేర్చినప్పుడు స్పృహ 15కి 6 ఉందన్నారు. 8 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే తీవ్రమైన గాయం కింద లెక్కట. మెదడు వాచిపోవడంతో పుర్రెలో ఎడమవైపు ముక్క తీసి, పొట్ట చర్మం కింద దాచారు. నాలుగు నెలల తర్వాత మళ్లీ తలకి అమర్చారు. ఆపరేషన్ ఆరోగ్య కార్డు మీద జరిగింది. ఆ డాక్టర్లకి రోజూ దండం పెట్టుకుంటాను.

నా బాధంతా డిస్చార్జి రోజుతో మొదలైంది. మందుల చీటీ చివర ‘ఫిజియో చేయించండి’ అని ఒక్క ముక్క రాసి పంపించేశారు. ముక్కు గొట్టంలో గంజి ఎలా పొయ్యాలో పక్క బెడ్ వాళ్లావిడ చూపించింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని, పడిపోయిన కాలి పాదం నిటారుగా ఉండేలా దిండు ఆనించాలని ఎవరూ చెప్పలేదు. మూడు నెలల్లో కుడి పాదం కిందికి బిగుసుకుపోయింది. ఈరోజుకీ ఆ మడమ నేలకి ఆనదు. అది ప్రమాదంలో వచ్చిన అవిటితనం కాదండీ, మాకు తెలియక వచ్చింది.

తర్వాత ఇంటికి ఒక ఫిజియో కుర్రాడు వచ్చేవాడు, రోజుకి 500. మంచివాడు, పని తెలిసినవాడు. మాకు వచ్చే దివ్యాంగ పింఛను ఇప్పుడు నెలకి 6000. అంటే పన్నెండు రోజుల ఫిజియో. మిగతా పద్దెనిమిది రోజులు మేమే చేస్తాం, వచ్చినట్టు.

చేతికి ఒక పని పెట్టండి అన్నాడా ఫిజియో కుర్రాడు. టిమ్ మిషన్లు రాకముందు టికెట్లకి చిల్లు కొట్టిన నా పాత పంచ్ ట్రంకు పెట్టెలో ఉంది. తీసి నూనె వేసి వాడి కుడిచేతిలో పెట్టాను. క్యాలెండరు కాగితం ముక్కలు ఇస్తే నొక్కాలి. మొదటి చిల్లు పడటానికి పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు పూటకి ముప్ఫై కొడుతున్నాడు. వాళ్లమ్మ ఆ కాగితాలు ఒక్కటీ పారేయనివ్వదు.

మాట సంగతి వేరు. చెప్పింది అర్థమవుతుంది, దాహం వేస్తే చెంబు వైపు చూస్తాడు, ‘నీళ్లు’ అన్న మాట మాత్రం రాదు. ఒకరోజు మంచం దగ్గర కూర్చుని ఊరికే పాత రూటు అనుకుంటున్నాను... శ్రీకాకుళం, సింగుపురం, మడపాం... ‘నరసన్నపేట’ అన్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో నా బస్సులోనే తిరిగి స్టేజీలన్నీ కంఠస్థం పట్టినవాడు. వాళ్లమ్మ “ఏవండీ, ఆడు మాటాడినాడు” అని వీధిలోకి పరిగెత్తింది. విశాఖలో స్పీచ్ థెరపిస్టుకి ఈ మాట చెబితే, మాట దెబ్బతిన్నా అంకెలు, వారాలు, పాటల్లాంటి వరసలు మిగిలి ఉండటం చాలామందిలో ఉంటుందని, దాన్ని పట్టుకునే మిగతా మాటలు రాబట్టవచ్చని చెప్పారు. దీన్ని అఫేజియా అంటారట. వారానికి మూడుసార్లు రమ్మన్నారు. రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైనే. నెలకి రెండుసార్లు వెళ్లాం, తర్వాత అదీ లేదు.

కోపం గురించి కూడా రాయాలి. అంతకుముందు గట్టిగా మాట్లాడని పిల్లాడు ఇప్పుడు కంచం విసిరేస్తాడు, వెంటనే ఏడుస్తాడు. గాలి సోకిందన్నారు చుట్టాలు. తాయెత్తు కూడా కట్టించాను, దాచడమెందుకు. మెదడులో కోపాన్ని ఆపే భాగానికి దెబ్బ తగిలితే ఇలాగే ఉంటుందని డాక్టరు చెప్పేదాకా నేనూ వాణ్ణి రెండుసార్లు కసిరాను. సర్టిఫికెట్‌కి వెళ్తే చెయ్యీ కాలూ కొలుస్తారు. 2016 దివ్యాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, అఫేజియా వల్ల మాట పోవడం అందులో ఉంది. కంచం విసరడాన్ని ఏ శాతంలో కొలుస్తారో నాకైతే అర్థం కాలేదు.

నేను అడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. డిస్చార్జికి ముందు రెండు రోజులు ఇంట్లోవాళ్లని మంచం పక్కన నిలబెట్టి, ఎలా తిప్పాలి, ఎలా తినిపించాలి, కాలు ఎలా సాగదీయాలి అన్నది చేతులతో చేయించాలి. దానికి బడ్జెట్ ఎందుకు? ఇక రెండోది. దివ్యాంగులైన బడిపిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపిస్టులు అక్కడికి వచ్చి చూస్తుంటారు. అవి బడి ఈడు పిల్లలకే. మావాడికి ఇప్పుడు 22. బడి వదిలాక ఆ గదిలోనే, పెద్దవాళ్లకి వారంలో రెండు సాయంత్రాలు ఫిజియో, ఒక పూట స్పీచ్ థెరపీ పెట్టించమని మన కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు కూడా ప్రతి ఊళ్లో ఉన్నారు, గది ఖాళీగా ఉండదు.

మావాడు ఇప్పుడు ఆ స్టేజీల పేర్లు చెబుతూ కోటబొమ్మాళి దాకా వస్తున్నాడు. టెక్కలి ఇంకా నోరు తిరగడం లేదు. కేంద్రం తెరిస్తే తీసుకొస్తాను, ఆటో ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా