శీనుగాడికి, కోడికూర దగ్గర మొదలైన గొడవ

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్‌లన్నిటికీ బొటనవేలి బొమ్మ తప్ప ఇంకేమీ పంపడం లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. సెమిస్టర్ మధ్యలో ఊపిరి సలపడం లేదు. ముందు మామూలు కబుర్లు గబగబా కానిచ్చేస్తాను. ఒంట్లో బాగానే ఉంది. టెన్నెస్సీలో చలి మొదలైంది. అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా అడుక్కొచ్చింది. అసిస్టెంట్‌షిప్ పొడిగించారు. అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను. ఫోన్‌లో చెబితే నువ్వు మాటమాటకీ అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను.

సైకాలజీలో సంస్కృతుల గురించి ఒక కోర్సు తీసుకున్నానంటే "మెదడు అందరికీ ఒకటేగా, మధ్యలో ఈ సంస్కృతి ఏంట్రా" అని వెటకారం చేశావు కదా. మంగళవారం క్లాసులో నువ్వుంటే బాగుండేది.

మేడమ్ రాగానే తలా ఒక కాగితం పంచింది. అందులో కొన్ని పనుల జాబితా ఉంది. ఏది ఎంత తప్పో మార్కులు వేయాలి. రిచర్డ్ ష్వెడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ అనే ముగ్గురు 1987లో అచ్చువేసిన పరిశోధనలోవి అవి. భువనేశ్వర్ జనాన్నీ, షికాగోలో హైడ్ పార్క్ అనే పేట జనాన్నీ ఇవే ప్రశ్నలు అడిగారట. దారిలో పడుకున్న కుక్కని ఊరికే తన్నడం. పాతికేళ్ళ కొడుకు తండ్రిని పేరు పెట్టి పిలవడం. తండ్రి పోయిన మర్నాడే పెద్దకొడుకు జుట్టు కత్తిరించుకుని కోడికూర తినడం.

కుక్క దగ్గర గదంతా ఒక్క మాట మీద ఉంది. కోడికూర దగ్గర మాత్రం నేనొక్కణ్ణే మిగిలాను. వాళ్ళంతా సున్నా వేసి ముందుకెళ్ళిపోయారు, నేను అన్నిటికంటే పైన పెట్టాను. నేనురా! ఆదివారం నాటుకోడి లేకపోతే మొహం మాడ్చుకునేవాణ్ణి, సత్తెనపల్లి ఒట్టుని మూడో రోజే గట్టున పెట్టినవాణ్ణి! అక్కడ భువనేశ్వర్‌లో కూడా జాబితా మొత్తంలో అదే అతి పెద్ద తప్పుగా తేలిందట.

నా వెనక కెంటకీ కుర్రాడు ఒకడు కూర్చుంటాడు. "మీ నాన్నకి కోడి పడదా?" అన్నాడు. గొల్లుమన్నారు. పక్కమ్మాయి మాత్రం సీరియస్‌గా "ఇందులో ఎవరికి నష్టం?" అని అడిగింది. ఇక చూడు నా అవస్థ. మైల అన్నాను, పిండాలు అన్నాను, పదో రోజు అన్నాను, ఆ రోజుల్లో కొడుకు తినేదీ మానేదీ పోయినాయన ముందు దారితో ముడిపడి ఉంటాయన్నాను. చెప్పేకొద్దీ నాకే మా తాతయ్య గొంతు వినపడుతోంది. చివరికి ఆ అమ్మాయే "అయితే నష్టం మీ నాన్నకన్నమాట" అంది. మేడమ్ బల్ల మీద చేత్తో కొట్టి, భువనేశ్వర్ వాళ్ళు చెప్పింది కూడా సరిగ్గా అదేనంది. ఎవరికీ హాని చేయకూడదన్న లెక్క ఇద్దరిదీ ఒకటే, చచ్చిపోయినవాణ్ణి ఆ లెక్కలో ఉంచామా లేదా అన్న దగ్గరే తేడా.

అదే జాబితాలో ఇంకోటి కూడా ఉంది. వద్దన్నా వినకుండా ఒంటరిగా సినిమాకి వెళ్ళిన భార్యని మొగుడు ఒళ్ళు హూనమయ్యేలా కొడతాడు. అది తప్పు కాదని భువనేశ్వర్ వాళ్ళలో ఎక్కువమంది అన్నారట. మేడమ్ అది చదివినప్పుడు గదిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. అంతకంటే నవ్వినా బాగుండేది. సంస్కృతి, సంస్కృతి అంటూ దీన్ని కూడా గౌరవించాలా? నేనైతే గౌరవించను. మీ పెద్దక్క విషయంలో మనిద్దరం ఆ రోజు... సరే వదిలేయ్, అది కాగితం మీద వద్దు.

ఆ తర్వాత కెంటకీ వాడి వంతు వచ్చింది. ఇదే నీకు చెప్పాలని నాలుగు రోజులుగా గింజుకుంటున్నది!

1990ల్లో డోవ్ కోహెన్, రిచర్డ్ నిస్బెట్, వాళ్ళ బృందం మిషిగన్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. అమెరికాలోని దక్షిణాది కుర్రాళ్ళనీ (కెంటకీ కూడా అందులోదే) ఉత్తరాది కుర్రాళ్ళనీ పిలిచి, ఒక ఫారం నింపించి, ఇరుకు వసారా చివరున్న బల్ల మీద పెట్టి రమ్మన్నారు. దారిలో ఒకడు ఫైళ్ళ బీరువా సొరుగు తెరిచి నిలబడి ఉంటాడు. వాడు వీళ్ళ మనిషే. కుర్రాడు వెళ్ళేటప్పుడు సొరుగు మూసి దారిస్తాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం సొరుగు ధడాలున మూసి, భుజంతో ఒక్కటిచ్చి, బూతు మాట అనేసి పక్కగదిలోకి దూరిపోతాడు. షుగర్ చూస్తామని చెప్పి ముందూ వెనకా ఉమ్మి తీసుకున్నారు. నిజానికి చూసింది కార్టిసాల్, టెస్టోస్టిరాన్. మొదటిది ఒత్తిడి పుడితే పెరిగే హార్మోను, రెండోది మగవాళ్ళ హార్మోను. తిట్టు తిన్న దక్షిణాది వాళ్ళలో కార్టిసాల్ 79 శాతం పెరిగితే, అదే తిట్టు తిన్న ఉత్తరాది వాళ్ళలో 33 శాతమే పెరిగింది. ఉత్తరాది వాళ్ళలో చాలామందికి కోపం కంటే నవ్వే ఎక్కువొచ్చిందట.

ఇంకో విడతలో ఆరడుగుల మూడంగుళాల పొడవు, 250 పౌండ్ల బరువున్న ఒక భారీ మనిషిని అదే వసారాలో ఎదురు నడిపించారు. దారి ఒక్కరికే సరిపోతుంది, ఆ మనిషేమో తప్పుకోడు. ఎవరూ తిట్టని దక్షిణాది కుర్రాడు తొమ్మిదడుగుల దూరంలోనే మర్యాదగా పక్కకి జరిగాడు, ఉత్తరాది వాళ్ళ కంటే ముందే. తిట్టు తిని వచ్చినవాడు మూడడుగులు మిగిలేదాకా తప్పుకోలేదు! మర్యాద, మొండితనం రెండూ ఒకే మనిషిలోనన్నమాట. నాకు గుర్తొచ్చిందెవరో నీకు చెప్పక్కర్లేదు. గుంటూరు బస్టాండు, సోడా బండి, నీ కొత్త చొక్కా. అంతే, ఇంకేం అనను.

దక్షిణాది వాళ్ళకి ఈ పౌరుషం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 18వ శతాబ్దంలో ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ నుంచీ, ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల నుంచీ వచ్చి ఈ అపలాచియన్ కొండల వెంట స్థిరపడిన జనం దగ్గర్నుంచి అని నిస్బెట్, కోహెన్‌ల వాదన. వాళ్ళు పశువులు మేపుకునేవాళ్ళు. పొలాన్ని ఎవడూ రాత్రికి రాత్రి తోలుకుపోలేడు, మందనైతే తోలుకుపోతాడు. దగ్గర్లో పోలీసూ లేడు, కోర్టూ లేదు. వీడి జోలికి పోకూడదు అన్న పేరొక్కటే కాపలా. ఉత్తరాన ప్యూరిటన్లు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలవాళ్ళు, డచ్చివాళ్ళు దిగారు, వాళ్ళలో ఎక్కువ సేద్యగాళ్ళు. మేడమ్ పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తీసి, దాని మీదున్న ఆండ్రూ జాక్సన్‌ని చూపించింది. ఆయన అల్‌స్టర్ నుంచి వచ్చినవాళ్ళ కొడుకే. 1806లో గుర్రప్పందెం గొడవ, అవమానం మాటలు ముదిరి, కెంటకీ వెళ్ళి చార్లెస్ డికిన్సన్‌తో తుపాకుల ద్వంద్వయుద్ధానికి దిగాడు. ముందు గుండు తనకే తగిలింది, అయినా నిలబడి గురిచూసి వాణ్ణి చంపాడు. ఆ గుండు చచ్చేదాకా ఆయన ఛాతీలోనే ఉంది. తర్వాత ప్రెసిడెంటయ్యాడు!

వెనక్కి తిరిగి చూశాను. కెంటకీ వాడి చెవులు ఎర్రబడ్డాయి. "మా ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ ఒక్క గొర్రెనైనా మేపలేదు" అన్నాడు. అన్న తీరు చూస్తే కార్టిసాల్ కొలవక్కర్లేదు. కానీ వాడి మాటలో న్యాయముంది రా. గొర్రెలు పోయాయి, కోర్టులొచ్చాయి, కుర్రాళ్ళు ఏసీ క్లాసుల్లో కూర్చుంటున్నారు. మరి ఆ పౌరుషం ఏ దారిన వస్తోంది? పెంపకంలో, చట్టాల్లో మిగిలిపోయిందంటారు. నాకు సగమే నమ్మకం. ఉమ్మి లెక్కల్ని నమ్ముతాను, గొర్రెల కథ మరీ నున్నగా ఉంది. బానిసత్వం మీద బతికిన దక్షిణాదిలో హింసకి వేరే కారణాలే వెతకాల్సిన పని లేదా?

క్లాసయ్యాక వాడే కాఫీకి లాక్కెళ్ళాడు. వాళ్ళ వైపు హాట్‌ఫీల్డ్‌లు, మెకాయ్‌లు అని రెండు కుటుంబాలు ఏళ్ళ తరబడి చంపుకున్నాయి. 1878లో ఒక పంది ఎవరిదన్న తగువు కోర్టుకెక్కిందట. నేను ఊరుకుంటానా? నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, మాచర్ల వాళ్ళ వనవాసం, కారంపూడి యుద్ధం అన్నీ ఊదరగొట్టాను. "మాకు పంది, మీకు కోడి" అని వాడొకటే నవ్వు. అలాగని నువ్వు ఈ సిద్ధాంతాన్ని మనవాళ్ళకి అంటించకు. పల్నాటి గొడవ రాజ్యం కోసం. పౌరుషం పేరు చెప్పి మనల్ని సినిమావాళ్ళు వాయించింది చాలు.

ఇంకోటి రా, ముఖ్యమైంది. శీనా అయ్యంగార్ అని ఒకావిడ, 1999లో అచ్చయిన పరిశోధనలో, శాన్ ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి పదాల ఆట పెట్టింది. తెల్లపిల్లలు తాము ఎంచుకున్న ఆట బాగా ఆడారు, ఆసియా పిల్లలు అమ్మ ఎంచిందని చెబితే బాగా ఆడారు. నీ ఎంపీసీ, మీ నాన్న, ఆ రాత్రి డాబా మీద నువ్వన్న మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాకిప్పుడు ఏమనిపిస్తోందంటే, మీ నాన్న చేసింది...

రూమ్మేట్ తలుపు బాదుతున్నాడు. ఇవాళ వంట వంతు నాది, కుక్కర్ కూడా పెట్టలేదు. మిగతాది ఆదివారం. ఫోన్ ఎత్తు, చచ్చినా ఎత్తవు.

నీ
రాజుగాడు